చూపించలేని పనికి ధర

ఫోను మోగేసరికి మునీరా చిన్న కప్పుల్లో ఏలకుల కాఫీ పోస్తోంది. బేకరీ నుంచి అప్పుడే వచ్చిన ఖర్జూరపు ఎర్ర రొట్టె పళ్లెంలో ఇంకా వేడిగా ఉంది. కోడలు బద్రియా బ్యాంకుకు వేళవుతోందని నిలబడే ఒక ముక్క కొరుక్కుంటూ, రెండో చేత్తో పర్సులో తాళాలు వెతుక్కుంటోంది. కూతురు లుల్వా నిద్ర మొహంతో, జుట్టు ముడేసుకుంటూ వచ్చి ఫోను తీసింది.

అవతల ఉమ్ సాలిమ్. వాళ్ల ఇల్లు రెండు వీధుల అవతల. రంజాన్ పండుగ వెళ్లగానే ఆవిడ కూతురు అబీర్ పెళ్లి. ఆడవాళ్ల హాల్లో ఫోటోలు తీయడానికి ఒక అమ్మాయి కావాలట. లుల్వా మేనత్త కూతుళ్ల పెళ్లిళ్లకు తీసినవి బాగున్నాయని ఎవరో చెప్పగా విన్నదట. క్షేమ సమాచారాలన్నీ అయ్యాక, ఎంత తీసుకుంటావమ్మా అని అడిగింది. లుల్వా ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి తల్లి వంక ఒకసారి, వదిన వంక ఒకసారి చూసింది. ఆలోచించుకుని చెబుతాను ఖాలా అని, పిన్నిని పిలిచినట్టు పిలిచి, పెట్టేసింది.

ఎంత తీసుకుంటావని ఆ పిల్లను అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు. చుట్టాల పెళ్లిళ్లకు తీసినప్పుడల్లా నీ చేతులు చల్లగా ఉండాలని దీవించి, ఒక సెంటు సీసా చేతిలో పెట్టి పంపేవారు. ఇంట్లో అలాంటి సెంటు సీసాలు ఒక అర నిండా ఉన్నాయి. బద్రియా వాటిని చూపించి, ఆడపడుచు జీతం గాలిలో కలిసిపోతోందని ఎప్పుడూ వేళాకోళం చేస్తుంది.

"మూడు వేలు చెప్పు," అంది బద్రియా. పేరున్నవాళ్లు అంతే తీసుకుంటున్నారని, కొందరు ఇంకా ఎక్కువే గుంజుతున్నారని బ్యాంకులో తోటివాళ్ల దగ్గర విన్నదట.

మునీరాకు ఒళ్లు మండింది. ఇరుగుపొరుగు దగ్గర మూడు వేల రియాళ్లా? తన మొదటి కాన్పులో ఉమ్ సాలిమ్ నలభై రోజులూ వంట చేసి పంపింది. ఆ ఇంటి పిల్ల పెళ్లికి ధర కట్టడమా? ఇవ్వాలనిపిస్తే ఐదు వందలు ఇస్తారు, లేకపోతే లేదు అంది. ఆవిడ బతుకంతా అలాగే గడిచింది. ఎంతమందికి కుట్టిపెట్టిందో, ఎన్ని విందులకు గంగాళాలు దింపిందో లెక్కే లేదు. ఎవరినీ ఇంత అని అడిగిన పాపాన పోలేదు. అడిగితే ఇల్లు గడవక కూతుర్ని పనికి పంపిస్తున్నారని అనుకోరూ? గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్న భర్తను కూడా పంచాయితీలోకి లాగబోయింది. ఆడవాళ్ల పెళ్లి ఫోటోల సంగతి నన్నడక్కండి అని ఆయన ఖర్జూరం తోటకు జారుకున్నాడు.

చదువు అయిపోయాక లుల్వాకు కెమెరా తప్ప మరో లోకం లేనట్టుంది. కాలేజీలో నెలనెలా వచ్చిన భత్యం దాచి కొనుక్కున్న కెమెరా అది. మునీరా అన్నగారి భార్య ఆడపిల్లల స్కూలు ఆఫీసులో పెద్ద పదవిలో ఉంది. ఒక ఖాళీ ఉంది, చేర్పించమంటే చేర్పిస్తానంది. ఈ పెళ్లిళ్ల కాలం వరకు చూస్తాను, నీ కెమెరా నీకు దారి చూపిస్తే సరే, లేకపోతే నోరు మూసుకుని స్కూల్లో చేరాలని మునీరా కూతురి దగ్గర మాట తీసుకుంది. అందుకే ఈ పెళ్లి ఆ పిల్లకు చావుబతుకుల సమస్యలా ఉంది.

రెండు రోజులు పోయాక పెద్ద బజారు వెనక ఉండే ఒకావిడ ఇంట్లో పొద్దుటి కాఫీకి ఆడవాళ్లంతా కలిశారు. మునీరా వెళ్లి కూర్చుంది. ఎప్పుడూ తనను పక్కకు లాక్కుని కబుర్లు చెప్పే ఉమ్ సాలిమ్ ఆ రోజు తలుపు దగ్గరే కూర్చుని కాఫీ కప్పులోకి చూస్తోంది. ఏమైందో అర్థం కాలేదు. కాసేపటికి ఇంటావిడే ఖర్జూరాల పళ్లెం అందిస్తూ, నవ్వుతూనే చెవిన వేసింది. అబీర్ ఫోటోలు అందరికీ చూపించడానికి అట్టే పెట్టుకుంటానని మీ లుల్వా అందట కదా, నిజమేనా అని.

మునీరాకు తల తీసేసినట్టయింది. ఆ ఊళ్లో ఆడవాళ్ల పెళ్లి హాలు గుమ్మంలో ఫోన్లు సంచుల్లో వేయించుకుని గానీ లోపలికి రానివ్వరు. లోపల ముసుగులు తీసి, నగలు పెట్టుకుని, జుట్టు విరబోసుకుని ఆడతారు. ఆ మొహాలు ఆ గోడలు దాటి పోకూడదు. అలాంటి చోట కెమెరా పట్టుకుని తిరిగే పిల్ల ఫోటోలు అట్టే పెట్టుకుంటానంటే ఏమనుకుంటారు? అలాంటిదేం లేదని మునీరా ఏదో సర్దిచెప్పబోయింది గానీ, కూతురు ఏమని చెప్పిందో తనకే తెలియదు. ఇక కాఫీ వద్దన్నట్టు కప్పు ఊపి లేచి వచ్చేసింది.

ఇంటికి వచ్చేసరికి లుల్వా హాల్లో లెన్సు తుడుచుకుంటోంది. మునీరా ఒంటి మీది నల్లటి అబాయా కూడా తీయలేదు.

"ఏమని చెప్పావే ఉమ్ సాలిమ్‌తో?"

లుల్వా తెల్లబోయి, తను పంపిన మెసేజీ తీసి వినిపించింది. పేరున్నవాళ్లు మూడు వేలు తీసుకుంటారు ఖాలా, నాకిది మొదటి పని కాబట్టి సగానికే తీస్తాను, కాకపోతే బాగా వచ్చినవి కొన్ని నా దగ్గర ఉంచుకుంటాను, రేపు ఎవరైనా నీ పని చూపించమంటే చూపించాలి కదా అని అందులో ఉంది. గొంతు ఎంత ముద్దుగా, మర్యాదగా ఉందో! అది వింటుంటే మునీరాకు కోపం ఇంకా పెరిగింది. ఎక్కడో ఏ దేశంలోనో కూర్చుని ఫోటోల వ్యాపారం నేర్పే వాళ్ల వీడియోలు చూసి ఆ పిల్ల ఈ పాఠం నేర్చుకుంది. మొదటి పనికి ధర తగ్గించండి, బదులుగా ఫోటోలు చూపించుకునే హక్కు అడగండి అని వాళ్లు చెబుతారట.

"ఇందులో తప్పేముందమ్మా? ఎక్కడైనా ఇలాగే మొదలుపెడతారు."

"ఎక్కడైనా అబీర్ పెళ్లి జరగడం లేదు. ఇక్కడ జరుగుతోంది."

"ఆడవాళ్లకే చూపిస్తాను కదా."

"ఆ ఆడవాళ్లకు అన్నదమ్ములు లేరా? మొగుళ్లు లేరా? నీ ఫోను పోదా? ఐదు వందలిచ్చినా చాలని మొత్తుకున్నాను. నా మాట వింటే ఇంత దూరం వచ్చేదా?"

లుల్వా కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ తల దించలేదు. అంతలో బద్రియా బ్యాంకు నుంచి వచ్చింది. సంగతి విని సోఫాలో కూలబడి, చెప్పు విప్పుకుంటూ నెమ్మదిగా అంది. "అత్తయ్యా, ఆ ఒక్క మాటలోనే లేదు తప్పు. సగం ధర అన్నప్పుడే ఆవిడకు అనుమానం వచ్చుంటుంది, మిగతా సగం ఎక్కడ రాబట్టుకుంటుందా అని. ఐదు వందలంటే ఇంకా భయపడేది."

మునీరాకు ఆ మాట నచ్చలేదు. నచ్చకపోయినా మనసులోంచి పోలేదు. ఆ సాయంత్రమంతా లుల్వా పెరట్లో నిమ్మచెట్టు దగ్గర ఒక్కతే కూర్చుంది. వంటింటి కిటికీలోంచి మునీరా రెండుమూడుసార్లు చూసింది. ఏడుస్తోందేమో అనుకుంది. ఏడవడం లేదు, మోకాళ్ల మీద గడ్డం ఆనించి ఏదో లెక్క కట్టుకుంటున్నదానిలా నేల వంక చూస్తోంది. లోపలికి వచ్చి, రేపు ఉమ్ సాలిమ్ ఇంటికి తీసుకెళ్లమ్మా, క్షమించమని అడగాలి అంది. మునీరా మనసు తేలికపడింది. తప్పు తెలుసుకుందిలే అనుకుని, తోటలో నుంచి వచ్చిన మంచి ఖలాస్ రకం ఖర్జూరాలు ఏరి పళ్లెంలో సర్ది పెట్టింది.

మర్నాడు సాయంత్రం అసర్ నమాజు అయ్యాక వెళ్లారు. ఉమ్ సాలిమ్ మర్యాదకేమీ లోటు చెయ్యలేదు. ధూపం వేయించింది, కాఫీ ఇచ్చింది, పెద్దావిడ బాగుందా అని మునీరా తల్లి గురించి అడిగింది. కానీ ఆ మర్యాదలోనే దూరం ఉంది. దగ్గరివాళ్లకు ఎవరూ అంత పద్ధతిగా కాఫీ పొయ్యరు. ఆ దూరం మునీరా భరించలేకపోయింది. లుల్వా నోరు తెరవకముందే ఆవిడే అందుకుంది.

"ఉమ్ సాలిమ్, పిల్లది తెలియక వాగింది. మనసులో పెట్టుకోకు. డబ్బు మాట కూడా వదిలెయ్యి. అబీర్ నాకు మాత్రం కూతురు కాదా? ఊరికే తీస్తుంది."

ఆ మాటతో ఉమ్ సాలిమ్ మొహం విప్పారుతుందనుకుంది. విప్పారలేదు. ఆవిడ దల్లా కూజాలో కాఫీ ఉందో లేదో మూత తీసి చూసి, మళ్లీ మూత పెట్టింది.

"ఊరికే తియ్యను ఖాలా," అంది లుల్వా.

మునీరాకు ఒక్క క్షణం తను సరిగా విన్నదో లేదో తెలియలేదు. పరాయి ఇంట్లో, పెద్దల ముందు, తల్లి ఇచ్చిన మాటను కూతురు కాదన్నది! మోచేత్తో పొడిచింది. లుల్వా కదల్లేదు.

ముందు క్షమించమని అడిగింది. ఫోటోలు ఉంచుకుంటాననడం తప్పేనంది. ఆ తర్వాత తను పని ఎలా చేస్తుందో చెప్పింది. కెమెరాలో వేసే కార్డు మీరే కొత్తది కొని హాలు గుమ్మంలో నా చేతికివ్వండి. పెళ్లి అయ్యాక అక్కడే తీసి మీ చేతికిస్తాను. ఫోటోలు దిద్దే పని మా ఇంట్లో చెయ్యను. రోజూ మధ్యాహ్నం మీ ఇంటికొచ్చి, మీ గదిలో, మీ లాప్‌టాప్ మీద, మీరు పక్కన కూర్చుని చూస్తుండగా చేస్తాను. అయిపోయాక ఒక్క ఫోటో కూడా నాకిమ్మని అడగను. దీనికి మూడు వేలు తీసుకుంటాను అంది.

"మొన్న సగానికే అన్నావు కదే," అంది ఉమ్ సాలిమ్.

"మొన్న నాకు సరిగ్గా లెక్క కట్టడం రాలేదు ఖాలా. కుట్టేవాళ్లు కుట్టిన బట్ట చూపించి ఇంకో పని తెచ్చుకుంటారు. వంట చేసేవాళ్లకు రుచే సాక్ష్యం. నేను మీ ఇంట్లోంచి ఖాళీ చేతులతో వెళ్లిపోవాలి. రేపు ఇంకో ఇంటికి వెళ్తే అదీ మొదటి పనే, దాని తర్వాతదీ మొదటి పనే. నా దగ్గర చూపించడానికి ఎప్పటికీ ఏమీ ఉండదు. ఫోటోలు తీసినందుకు సగమే చాలు. ఏమీ ఉంచుకోకుండా వెళ్లిపోతున్నందుకు మిగతా సగం."

లోపలి గుమ్మంలో పరదా కదిలింది, అబీర్ అక్కడే నిలబడి వింటున్నట్టుంది. ఉమ్ సాలిమ్ లుల్వాను కిందినుంచి మీదికి చూసింది. అంతా బాగానే ఉంది, మరి నువ్వు ఇంకోచోట దాచుకోలేదని నాకెలా తెలుస్తుంది అని అడిగింది.

"దానికి నా దగ్గర రుజువు లేదు ఖాలా. నమ్మితేనే పిలవండి."

పరదా వెనక నుంచి అబీర్, ఈ అమ్మాయే తియ్యాలమ్మా అంది. ఉమ్ సాలిమ్ నిట్టూర్చి, సరే రా అంది. ఒప్పుకున్నదే గానీ అనుమానం మొహం మీద అలాగే ఉంది.

దారిలో మునీరా ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక కూడా మాట్లాడలేదు. తల్లీకూతుళ్ల మధ్య మాటలు ఆగిపోయాయి. రంజాన్ నెలంతా ఇఫ్తారు పళ్లేల ముందు కూడా ఇదే వరస. ఏదైనా చెప్పాలంటే మధ్యలో బద్రియా ఉండాల్సిందే. మీ ఆడపడుచును చారు చల్లారకముందే తాగమను అని మునీరా అనేది. ఇంత దూరంలో కూర్చున్నాను, నాకు వినిపించిందని చెప్పు వదినా అని లుల్వా అనేది. నాకు కూడా దీనికింత అని ధర కట్టాలి అని బద్రియా విసుక్కునేది. నవ్వొచ్చేది మునీరాకు. నవ్వితే ఓడిపోయినట్టవుతుందని పళ్లు బిగపట్టుకునేది. తను ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా బతికి సంపాదించుకున్న పేరు, కన్నకూతురే ఒక్క మాటతో గంగలో కలిపేసిందని ఆవిడ బాధ. పండుగ వెళ్లగానే స్కూల్లో చేర్పిస్తానని వదినగారికి ఫోను చేసి కూడా చెప్పేసింది.

పండుగ వెళ్లింది, పెళ్లి వచ్చింది. మునీరా తన తల్లి మౌదీని చెయ్యి పట్టుకుని హాలుకు తీసుకొచ్చింది. ఎనభై దాటిన మనిషి. ఉమ్ సాలిమ్ తల్లీ ఆవిడా చిన్నప్పుడు ఒకే తోటలో ఆడుకున్నారట, అందుకని రానంటూనే వచ్చింది. కెమెరా అంటే ఆవిడకు చచ్చేంత చిరాకు. గుర్తింపు కార్డు మీద కళ్లు చిట్లించి, ఎవరినో తిడుతున్నట్టున్న ఫోటో తప్ప ఆవిడ బొమ్మ ప్రపంచంలో మరెక్కడా లేదు.

ఆ హాల్లో లుల్వాను చూసి మునీరా ఆశ్చర్యపోయింది. ఇంట్లో గ్లాసు తీసి ఇంకోచోట పెట్టని పిల్ల నల్ల గౌను వేసుకుని, జుట్టు బిగించి కట్టుకుని, జనం మధ్య ఎవరికీ తగలకుండా తిరుగుతోంది. ముసుగు సర్దుకుంటున్నవాళ్ల వైపు కెమెరా తిప్పదు. వద్దన్నట్టు ఎవరైనా చెయ్యి ఎత్తితే చాలు, అక్కడినుంచి తప్పుకుంటుంది. అబీర్ తల్లిని పట్టుకుని ఏడ్చినప్పుడు అందరూ మూగారు, లుల్వా మాత్రం రెండడుగులు వెనక్కి వేసి వాళ్లకు చోటిచ్చి అప్పుడు తీసింది. దఫ్ వాయించే పాటగత్తెలు పాత పాట ఎత్తుకున్నప్పుడు మౌదీకి ఏమనిపించిందో, మొహం మీది ముసుగు పైకెత్తి చప్పట్లు మొదలుపెట్టింది. మునీరా నవ్వుతూ వంగి తల్లి నోట్లో ఖర్జూరం పెట్టింది. ముసలావిడ దాన్ని నములుతూనే పాడబోయింది, ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఎదురుగా ఎక్కడో కెమెరా క్లిక్కుమంది.

మరుసటి వారమంతా లుల్వా మధ్యాహ్నాలు ఉమ్ సాలిమ్ ఇంటికి వెళ్లి వచ్చింది. చివరిరోజు డబ్బు కవరు తెచ్చి తల్లి ముందు పెట్టింది. మునీరా దాన్ని ముట్టుకోలేదు. ఆ రోజే బద్రియా నోరు జారింది. అత్తయ్యా, మీరూ అమ్మమ్మా నవ్వుతున్న ఫోటో ఎంత బాగా వచ్చిందో, కెమెరా వెనక తెర మీద నేను చూశాను అంది.

మునీరా చటుక్కున లేచింది. అమ్మ మొహం! నవ్వుతున్న మొహం! మౌనం, పట్టుదల అన్నీ మరిచిపోయి కూతురి గదిలోకి వెళ్లింది.

"ఏదీ, ఆ ఫోటో చూపించు."

లుల్వా మంచం మీద నుంచి లేచి నిలబడింది. "నా దగ్గర లేదమ్మా."

"లేకపోవడమేమిటి? ఫోన్లో చూడు. కెమెరాలో చూడు."

"ఎక్కడా లేదు. కార్డుతో సహా వాళ్లకిచ్చేశాను."

"అబీర్‌వి ఇచ్చెయ్యి, ఎవరు వద్దన్నారు? అది మీ అమ్మమ్మ. అందులో ఉన్నది నేను. నీ సొంత మనుషుల బొమ్మ ఒక్కటి దాచుకుంటే ఎవరికి తెలుస్తుందే?"

"అబీర్ ఫోటో దాచుకునేవాళ్లూ ఇదే మాట అంటారమ్మా, ఎవరికి తెలుస్తుందని."

"రాతిగుండె నీది," అంది మునీరా. అంటూనే ఏడ్చేసింది. "అమ్మ ఇంకెన్నాళ్లుంటుందో! నాకు ఆ మొహం మళ్లీ ఎవరు తెచ్చిస్తారు?"

లుల్వా కూడా ఏడుస్తోంది. వెక్కుతూ వెక్కుతూ చెప్పింది. ఉమ్ సాలిమ్ నమాజుకు లేచి వెళ్లినప్పుడు గదిలో తను ఒక్కతే ఉందట. తెరమీద ఆ ఫోటో ఉందట. ఫోను పక్కనే ఉందట. ఎంతసేపు చూసిందో తెలియదట. అన్నిటికన్నా ఆ ఫోటోనే ఎక్కువసేపు దిద్దిందట, అమ్మమ్మ చెంపల మీద వెలుగు పడేలా. తర్వాత మిగతావాటితో పాటు మూసేసి, లేచి వచ్చేసిందట. ఒక్కటి కూడా అడగనని మాటిచ్చాను, నేను అడగలేనమ్మా అంది.

మునీరా రాత్రంతా అటూ ఇటూ దొర్లింది. తెల్లవారాక ఎవరికీ చెప్పకుండా అబాయా వేసుకుని బయల్దేరింది. మాటిచ్చింది కూతురు గానీ తను కాదు కదా!

ఉమ్ సాలిమ్ తలుపు తీసి, ఇంత పొద్దున్నే మునీరాను చూసి కంగారు పడింది. పెద్దావిడకేమైనా అయ్యిందా అని అడిగింది. మునీరాకు మొహమాటం అడ్డొచ్చింది. ఎన్నడూ ఎవరినీ ఏదీ అడగని మనిషి. గుమ్మంలోనే నిలబడి, మా అమ్మ ఫోటో ఒకటి మీ దగ్గర ఉందట, దయచేసి ఒక్కసారి చూపిస్తావా అని అడిగింది.

ఉమ్ సాలిమ్ అర్థం కానట్టు చూసింది. "లుల్వా దగ్గర లేదా?"

"లేదు. మీకిచ్చేసిందట. దానికి అడగడానికి నోరు రాలేదు. అందుకే నేనొచ్చాను."

ఆవిడ మరో మాట లేకుండా మునీరా చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకెళ్లింది. గుమ్మం దగ్గర ఆగి, నొచ్చుకోకు, ఫోను బయట పెట్టు అంది. మునీరా పెట్టింది. తలుపు గడియ వేసి లాప్‌టాప్ తెరిచింది. ఫోటోలు ఒక్కొక్కటీ జరుగుతుంటే మునీరాకు కళ్లు తిప్పుకోవడం చేతకాలేదు. ఇవన్నీ తీసింది ఆ పిల్లేనా? ఇన్నాళ్లూ కెమెరా మెళ్లో వేసుకుని తిరుగుతోందని తిట్టిపోసిన పిల్లేనా? ఇంతలో ఆ ఫోటో వచ్చింది. మౌదీ నోట్లో ఖర్జూరం, కళ్లు మూతలుపడేంత నవ్వు. పక్కన మునీరా తల్లి భుజం మీదికి ఒరిగి, చిన్నపిల్లలా ఉంది. తను అలా నవ్వుతుందని మునీరాకు ఇంతవరకూ తెలియదు. ముసుగు అంచుతో నోరు నొక్కుకుంది.

ఉమ్ సాలిమ్ ఆ ఫోటో వైపు చూడడం లేదు, మునీరా వైపు చూస్తోంది.

"నీకో మాట చెప్పనా మునీరా? నా పక్కనే కూర్చుని పని చేసింది. వెళ్లేటప్పుడు చేతులు దులుపుకుని వెళ్లింది. అయినా నాకు నిద్ర పట్టలేదు. ఎక్కడో ఒకటి దాచే ఉంటుందని అనుకుంటూనే ఉన్నాను. ఇవాళ నువ్వొచ్చి మీ అమ్మ బొమ్మ నన్నడిగావు. కన్నతల్లికి కూడా ఇవ్వడానికి ఆ పిల్ల దగ్గర ఏమీ లేదు. ఇప్పుడు నమ్మాను."

ఆ రోజు ఇదే ఇంట్లో తన కూతురు చెప్పిన లెక్క మునీరాకు ఇప్పుడు అర్థమైంది. ఏమీ ఉంచుకోకుండా వెళ్లిపోవడమంటే ఏమిటో ఆ పిల్లకు ముందే తెలుసు. తెలిసీ ధర చెప్పింది, చెప్పిన మాట మీద నిలబడింది. దాన్ని తను ఊరికే ఇచ్చెయ్యబోయింది. ఊరికే ఇచ్చి ఉంటే, ఉమ్ సాలిమ్ ఈ జన్మకు నమ్మేది కాదు. తన పేరు నిలబెట్టుకోవడం కోసం కూతురి పని విలువ తీసి పారబొయ్యబోయిందని తలుచుకుంటే, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏడుస్తున్న మునీరా వీపు నిమురుతూ ఉమ్ సాలిమ్ కూడా ఏడ్చింది.

బజారులో మగవాళ్ల దుకాణాల్లో అలాంటివి ఇవ్వకూడదు కాబట్టి ఉమ్ సాలిమ్ ఫోటోలు ముద్రించే చిన్న యంత్రం ముందే ఇంటికి కొనిపించి పెట్టుకుంది. ఆ ఫోటో కాగితం మీద వేసి, పత్తిబట్టలో చుట్టి ఇచ్చింది. మునీరా దాన్ని అబాయా లోపల పెట్టుకుని నడిచింది. దారిలోనే వదినగారికి ఫోను చేసి, స్కూల్లో ఆ ఖాళీ వేరే ఎవరికైనా ఇచ్చెయ్యమంది. ఏమైందని ఆవిడ అడిగితే, అమ్మాయికి వేరే పని ఉంది అని చెప్పింది.

లుల్వా పెరట్లో బట్టలు ఆరేస్తోంది. మునీరా వెళ్లి బట్ట విప్పి ఫోటో చేతికిచ్చింది. లుల్వా ఒకసారి దాని వంక, ఒకసారి తల్లి వంక చూసింది.

"నువ్వు అడిగావా అమ్మా? నువ్వు?"

మునీరా కూతురి తల దగ్గరికి లాక్కుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది.

"మూడు వేలు తక్కువే అడిగావే తల్లీ," అంది.